ప్రార్థన వేళకు జీపు లేనందున

ఉప్పుటేరు కాలువల ఉపవిభాగ అధికారి గారి సముఖమునకు, కోట మండల నివాసి, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థిని ఫేబీ సమర్పించుకొను అర్జీ.

విషయం: కార్యాలయంలో పుట్టినరోజు, వీడ్కోలు విందులకు ముందు జరుగు సామూహిక ప్రార్థన నుండి నా తండ్రిని మినహాయించుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయంలో పొరుగు సేవల పద్ధతిపై డ్రైవరుగా చేరి, ప్రస్తుతం అటెండరు పని చేయుచున్న తిమోతి గారి ఏకైక కుమార్తెను. ఈ అర్జీ సంగతి ఆయనకు తెలియదు. ఈ దిగువ అంశాలను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. తమరు రాకముందు కూడా విందులకు ముందు ప్రార్థన ఉండేది. కేకు కోసే ముందో, ఆకులు వేసే ముందో హెడ్ క్లర్కు చెంచురామయ్య గారు వినాయకుని శ్లోకం ఎత్తుకుంటే అందరూ లేచి నిలబడి చెప్పేవారు. మేము క్రైస్తవులము. అందువల్ల ఆయన ముందుగా గొంతు సవరించుకుని, "అబ్బయా తిమోతీ, ఆ జీపు ఒకసారి చూసి రా పో" అనేవారు. నా తండ్రి గారు పోయి, బానెట్ ఎత్తి, రేడియేటర్‌లో నీళ్లు చూసి, అద్దం తుడిచి వచ్చేసరికి ప్రార్థన ముగిసేది.

"ఏంది, బాగుండాదా?"

"బాగుండాది సార్."

తరువాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుండి ఈ ఏర్పాటు నడిచినది. దీనికి ఉత్తర్వు ఏదీ లేదు. ఎవరికీ నొప్పి కలగలేదు.

2. కాలం తీరిన బండి అని ఆ జీపును తుక్కు కింద జమకట్టి, తమరు బాధ్యతలు స్వీకరించిన రోజునే లారీకి కట్టి లాక్కుపోయారు. తమకు అద్దె కారు, దానితో పాటే డ్రైవరు వచ్చారు. నా తండ్రిని లోపలి పనికి మార్చారు. ఇందులో మాకు అభ్యంతరం లేదు.

3. ఆ సాయంత్రమే జరిగిన తమ స్వాగత సభలో చెంచురామయ్య గారు అలవాటు కొద్దీ "జీపు చూసి రా పో" అన్నారు. అందరూ నవ్వారు. జూనియర్ అసిస్టెంటు గంగాధరం గారు, "జీపు పాత ఇనుము కొట్టుకు పోయినాది, తిమోతన్న కూడా ఆడికే పోవాల" అన్నారు. నా తండ్రి కూడా నవ్వి, అయినా బయటికి పోయారు. ఎటు పోవాలో తెలియక, జీపు ఆగే చోట, నేల మీద నూనె మరక పక్కన, చేతిలో గుడ్డతో నిలబడ్డారు. తమరు కిటికీలోంచి చూసి పిలిపించారు. "ప్రార్థన అంటే అంత అలుసా? లేని బండిని తుడుస్తున్నావా?" అని అడిగారు. "లేదు సార్" అన్నారట.

4. "మనమంతా ఒక కుటుంబం, ఎవరూ బయట ఉండకూడదు" అని తమరు ఆ తరువాత నోటిమాటగా ఆజ్ఞాపించారు. తమ కార్యాలయంలోనే పనిచేసే రేవతి మేడం పుట్టినరోజున నా తండ్రి లోపలే, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు. తమరు "పెదాలు కదలడం లేదే" అన్నారు. ఆయన కాంట్రాక్టు పొడిగింపు కాగితం తమ సంతకం కోసం తమ బల్ల మీదనే ఉన్నది. దాని గురించి తమరు ఒక్క మాట కూడా అనలేదని ఒప్పుకుంటున్నాను. అనవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ కనిపించలేదు.

5. ఈ అంశంలో "నా తండ్రి గారు" అని రాయడం నా వల్ల కావడం లేదు. మా నాయన అనే రాస్తాను, మన్నించండి. మొన్న ఆదివారం చర్చి నుండి వచ్చాక మా నాయన నన్ను పెరట్లోకి పిలిచి, "ఫేబమ్మా, నువ్వు తెలుగు బాగా చదవతావు గదా. ఆ శ్లోకం నాకు నేర్పించు" అన్నాడు. నేర్పించాను. అయ్యా, అది నాకు అందంగానే ఉంది. ఒక మాట ఇంకో మాట చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టు ఉంది. సమాసాలు విడదీసి అర్థం చెబుతుంటే నాకే సంతోషం వేసింది. అప్పుడు ఆయన ముఖం చూశాను. చెమటలు పట్టి ఉన్నాయి. తప్పు పలికిన ప్రతిసారీ నాకు "సారీ" చెబుతున్నాడు. తలుపు దగ్గర నిలబడి మా అమ్మ ప్రేమలీల, "ఉద్యోగం కోసం ఇదొకటి మిగిలిందా?" అంది.

"నువ్వు వినబాక" అన్నాడు మా నాయన.

ఆ రోజు నుండి మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన లేదు. ఎప్పుడూ ఆయనే చేసేవాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని, మొదలుపెట్టబోయి, ఆగిపోయి, "తినండి" అంటున్నాడు. అమ్మ కంచంలో చెయ్యి పెట్టడం లేదు. భయంతో పలికించిన శ్లోకం వినాయకుడికి మాత్రం ఏం సంతోషం ఇస్తుందో తమరే సెలవియ్యాలి.

6. ఈ శుక్రవారం చెంచురామయ్య గారి ఉద్యోగ విరమణ సభ. ఆయన శ్లోకం మానాలని నేను కోరడం లేదు. మా నాయనకు డెంగీ వచ్చినప్పుడు నెల్లూరు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నది ఆయనే. అయితే ఆయన వెళ్లిపోయాక మా నాయనను బయటికి పంపే మనిషి ఆ కార్యాలయంలో ఇంకెవరూ ఉండరు.

కావున, ప్రార్థన చేసుకునేవారు చేసుకొనునట్లును, చేయనివారిని ఎందుకని అడగకుండునట్లును ఆదేశించవలెనని వేడుకొనుచున్నాను. ఉత్తర్వు ఇవ్వడం కష్టమైతే ఉత్తర్వు వద్దు. శుక్రవారం శ్లోకానికి ముందు తమరు ఒక్క మాట అంటే చాలు: "తిమోతీ, నా కారు ఒకసారి చూసి రా పో." కారు బాగానే ఉంటుంది. అయినా ఆయన అద్దం తుడిచే వస్తాడు.

నేను రాయగలిగినది ఇంతవరకే. రాయలేనిది కూడా తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఫేబీ

తా.క.: చెంచురామయ్య గారి మీద వీడ్కోలు వ్యాసం చదవమని శుక్రవారం సభకు నన్ను కూడా పిలిచారు. పైన అడిగినవి ఏవీ వీలుకాకపోతే మా నాయన బదులు నేను నిలబడతాను సార్. ఆయనకు నేర్పబోయి శ్లోకం నాకు కంఠతా వచ్చేసింది. పెదాలు కనిపించేలా, గట్టిగా చెబుతాను. ఎన్నిసార్లు చెప్పమన్నా చెబుతాను. ఆ కాగితం మీద సంతకం పెట్టండి. మా నాయన నోరు మాత్రం ఆయనకు వదిలేయండి. మాకు ఇంట్లో అన్నం ముందు అది కావాలి.