మెడికల్‌కు ముందు మాత్రలు

3 జూన్

ఇరవయ్యో తేదీన కంపెనీలో నా మెడికల్ పరీక్ష. మణుగూరు గనిలో బొగ్గు డంపర్ నడపబట్టి పద్దెనిమిదేళ్లు. ప్రతి మెడికల్‌కూ పది రోజుల ముందు బీపీ మాత్రలు మొదలుపెడతాను. రీడింగ్ నార్మల్ వస్తుంది, పాస్. మర్నాడే మాత్రలు బంద్, ఆవకాయ షురూ. ఈ కిటుకు మా సీనియర్ సవరయ్యన్న నేర్పాడు.

6 జూన్

కాళ్లు వాచాయని మా ఆవిడ స్తుతి పట్టుబట్టి భద్రాచలం ఆస్పత్రికి తీసుకెళ్లింది. బీపీ 180/110. రక్తం తీసుకున్నారు.

8 జూన్

రక్తంలో క్రియాటినిన్ 2.4. 1.3 దాటకూడదట, దాటి పెరిగేకొద్దీ కిడ్నీలు చెడుతున్నట్టట. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉండి కిడ్నీల్లోని సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయట. మూడో వంతే పనిచేస్తున్నాయట. నొప్పేం లేదు కదా మేడమ్ అన్నాను. ఉండదు, అందుకే ఎవరూ రారు అంది డాక్టరమ్మ. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చు, మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు అంది. చాలా భయమేసింది.

బస్సులో స్తుతి తిట్టిన తిట్లు రాస్తే పేజీ చాలదు. ఇన్నేండ్లు ఎవర్ని మోసం చేసినవ్, నిన్ను నువ్వే కదా అన్నది.

11 జూన్

ఉప్పు తగ్గించిన పప్పు. గడ్డిలా ఉంది. తిన్నాను.

15 జూన్

రిటైరైన సవరయ్యన్నను చూడబోయాను. వారానికి మూడుసార్లు కూతురింటికి పోతున్నాడని అనుకున్నాం. డయాలసిస్‌కట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. నీకు గా పాడు తెలివి నేనే నేర్పిన తమ్మీ అని ఏడ్చాడు. నిజం చెప్తే డంపర్ దింపుతరేమో, అయినా చెప్పు అన్నాడు.

డంపర్ దిగితే నేనేంటి? కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

20 జూన్, ఉదయం 11

రీడింగ్ 136/84. నోరు మూసుకుంటే పాస్. ఫారంలో పాత జబ్బులు అన్నచోట ప్రతిసారీ నిల్ అని రాసేవాణ్ని. ఈసారి బీపీ, కిడ్నీ అని రాసి రిపోర్టు జత చేశాను.

20 జూన్, సాయంత్రం

డంపర్ దింపారు. రేపటి నుంచి గని బయట సర్ఫేస్‌లో, స్టోర్స్ డ్యూటీ.

2 జూలై

స్టోర్స్‌లో బోల్టులు లెక్కపెడుతున్నాను. కుర్ర ఆపరేటర్ రూప్‌సింగ్ వచ్చి, మెడికల్ ముందు ఏ మాత్ర వేసుకోవాలన్నా అని గుసగుసగా అడిగాడు. చెవి పట్టుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్లాను.

20 సెప్టెంబర్

క్రియాటినిన్ 2.4. పెరగలేదు. ఒక అంకె మారనందుకు ఇంత సంతోషమా!