ఎర్రపుంజుకు రెండో మొక్కు

కొర్లగుంట, తిరుపతి

ఒరే శీనూ,

ఈ రోజు నీ ఎర్రపుంజును కోశారు. ఈ మాట నీకు చెప్పవలసింది నేనే.

పోయినేడు నీకు జ్వరం ముదిరినప్పుడు, నువ్వు లేస్తే గంగమ్మకు కోడినిస్తానని అమ్మ దాని కాలికి పసుపుగుడ్డ కట్టింది. "నా పుంజును ఇయ్యొద్దు మా" అని మంచంలోనుంచే ఏడ్చావు. నువ్వు పోయాక ఆ గుడ్డ విప్పిందీ అమ్మే. తర్వాత పుంజును అమ్మనివ్వలేదు, కోయనివ్వలేదు. అది పెరట్లో తిరుగుతూనే ఉండేది.

ఈ ఏడు గంగమ్మ జాతరకు పదిరోజుల ముందు చెల్లికి అలాంటి జ్వరమే వచ్చింది. అమ్మ నన్ను పుంజును పట్టుకోమంది. అవ్వ అడ్డం వచ్చింది.

"ఒగసారి మొక్కిన కోడిని మళ్ళా మొక్కకూడదు మే. ఇంకోటి తెచ్చుకో."

"పోయినసారి ఆయమ్మ కోడిని ఇడిసిపెట్టి బిడ్డను తీసుకునింది. ఈసారి కోడినే తీసుకోమని సెప్తా ఉండా, అత్తా" అంటూ అమ్మ దాని కాలికి మళ్ళీ పసుపుగుడ్డ ముడి వేసింది.

చెల్లి లేచింది. ఈ మధ్యాహ్నం అందరం విస్తరాకుల ముందు కూర్చున్నాం. చెల్లి ముక్క పట్టుకుని, "ఇది అన్న పుంజు గదా?" అంది. నాయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం కదలలేదు. "తిను మే, నువ్వు తినాల" అంటూ చెల్లి నోట్లో ఒక్కొక్క ముక్కే పెట్టింది.

నేనూ తిన్నాను, శీనూ. ఇంకొకటి కూడా చెప్పాలి. గుడ్డ కట్టేటప్పుడు పుంజు బాగా తన్నుకుంది. నేను చేతులు కొంచెం సడలించి ఉంటే గోడ దూకి పారిపోయేది. నీ మాట గుర్తొచ్చింది. అయినా ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అక్క