భార్యకు కొత్త పేరుతో పాస్‌పోర్టు కావలెను

సవిల్యానో, ఇటలీ
ఫిబ్రవరి 3

రుమేనియా కాన్సులేటులో పాస్‌పోర్టులు చూసే సహోదరి ఒక్తావియా దెలియాను గారికి నికిఫోర్ బుదురాన్ శుభములు కోరి వ్రాయునది.

నేను పగలు ఇటలీవాళ్ళ గోడలకు సున్నం పూస్తాను. ఆదివారం మన రుమేనియా విశ్వాసుల సంఘంలో వాక్యం చెబుతాను. ఏ కాలేజీ నాకు నేర్పలేదు, బైబిలే నా బడి. మొదటి భార్య ప్రభువు దగ్గరకు వెళ్ళిన చాలా ఏళ్ళకు, పోయిన అక్టోబరులో మా ఊరు వెళ్ళి సవేత హొదొరోగ్‌ను పెళ్ళాడాను. ఇప్పుడామె సవేత బుదురాన్. ఆమె పాస్‌పోర్టు మాత్రం పాత పేరు పట్టుకొని, సొదొమవైపు తిరిగి చూసిన లోతు భార్యలా ఉప్పు స్తంభమై నిలబడిపోయింది.

ఇంగ్లండులో నా కూతురు రెబెకాకు మార్చిలో తొలి కాన్పు. తల్లి లేని పిల్ల, భయపడుతోంది. "నాన్నా, సవేత పిన్నిని పంపు. నువ్వొద్దు, డాక్టర్లకు ప్రసంగం చెబుతావు" అంది. సవేత బుదురాన్ పేరున టికెట్టు కొనేశాను. అక్కడికి గుర్తింపు కార్డు చాలదట, పాస్‌పోర్టే కావాలట. కనుక ఆలస్యం చేయక ఇప్పించండి. మా సంఘ కాపరి సంతకం చేసిన పెళ్ళి పత్రం జతచేశాను.

ప్రభువు పనిలో,
నికిఫోర్ బుదురాన్

తా.క.: అబ్రాము అబ్రాహాము అయినప్పుడు అపాయింట్‌మెంటు ఎవరి దగ్గర తీసుకున్నాడో కాస్త చెప్పండి.


ఫిబ్రవరి 9

గౌరవనీయులైన బుదురాన్ గారికి,

మీరు పంపిన పత్రం మీద పావురం బొమ్మ చాలా బాగుంది. కానీ మాకు కావలసింది మీ ఊరి మేయరు కార్యాలయం ఇచ్చిన వివాహ పత్రం. పెళ్ళి తర్వాత మీ ఇద్దరిలో ఎవరు ఏ ఇంటిపేరు పెట్టుకున్నదీ అందులోనే ఉంటుంది. ఫొటోకూ వేలిముద్రలకూ మీ శ్రీమతిగారు స్వయంగా రావాలి.

భవదీయురాలు,
ఒక్తావియా దెలియాను

తా.క.: అబ్రాహాము గారు విమానం ఎక్కలేదు.


ఫిబ్రవరి 14

సహోదరి దెలియాను గారికి,

మీ ఉత్తరం చదివి నా ఎముకల్లో అగ్ని రగిలింది. "ఎవరు ఏ ఇంటిపేరు" ఏమిటమ్మా? భార్య భర్త పేరు కాక పొరుగువాడి పేరు పెట్టుకుంటుందా? అసలు మా పెళ్ళే జరగలేదని మీ అనుమానమా? మేము పాపంలో కాపురం చేస్తున్నామా?

మేయరు కార్యాలయంలోనూ పెళ్ళయింది. రిజిస్టరు రాసే అమ్మాయి ఏదో అడుగుతోంది, కానీ నలుగురు జనం కనబడితే నేను ఊరుకోగలనా? ఏక శరీరమవడం గురించి అక్కడే ప్రసంగం అందుకున్నాను. మా మామగారు ప్లమ్ పళ్ళ సారా కాచే మనిషి, మా జిల్లాలో ఏ విందులో చూసినా హొదొరోగ్ అని రాసిన సీసాలే. నా ప్రసంగానికి అంతటి కఠినాత్ముడు కూడా చేతిరుమాలు తడిసేలా ఏడ్చాడు! సంతకం పెట్టమన్నచోట పెట్టేశాను. అది కైసరు కాగితం, సర్కారువారిది, నేను చదవలేదు. అదెక్కడో సవేత దాచింది. కావాలంటే మీరే మా ఊరివాళ్ళను అడగండి.

సవేతేమో, "నా పాస్‌పోర్టుకేం, నిక్షేపంగా ఉంది. నేను చెప్పేది కాస్త విను" అంటోంది. ఆడవాళ్ళకు ఆఫీసులంటే భయం కదా! ధైర్యం రావాలని యెహోషువ మొదటి అధ్యాయం చదివి వినిపించాను.

నీతి కోసం నిలబడిన,
నికిఫోర్ బుదురాన్

తా.క.: సోమవారం మా సంఘస్తులు మీ గేటు ముందు ఉపవాస ప్రార్థనకు కూర్చుంటారు. ఉపవాసం కనుక మీరు భోజనాల ఏర్పాటు చేయనక్కరలేదు.


ఫిబ్రవరి 21

గౌరవనీయులైన బుదురాన్ గారికి,

మీ ఊరి కార్యాలయం నుంచి జవాబొచ్చింది. మీ పెళ్ళి నిక్షేపంగా చెల్లుతుంది. మీ శ్రీమతిగారి పేరు మాత్రం మారలేదు, ఆమె ఇప్పటికీ సవేత హొదొరోగే. ఆమె పాస్‌పోర్టుకు ఇంకా ఏళ్ళ గడువుంది. టికెట్టు మీద పేరు సరిచేయించి ఆమెను నిశ్చింతగా పంపండి.

అయితే మీ ఇంట్లో ఒకరికి కొత్త పాస్‌పోర్టు అవసరమే. ఆ సంగతి ఆఫీసు కాగితంలో చదవడం కంటే మీ ఆవిడ నోట వింటే మేలు. ఆమెను అడగండి. అడిగాక, జవాబు పూర్తయ్యేదాకా దయచేసి మాట్లాడకండి.

భవదీయురాలు,
ఒక్తావియా దెలియాను

తా.క.: గేటు ముందు కూర్చున్నవారికి మా కాపలాదారు జాలిపడి కాఫీ ఇచ్చాడు. ఇద్దరు తాగారు. మూడో ఆయన పంచదార అడిగాడు. ఉపవాసం చెడిందో లేదో మీరే తేల్చాలి.


మార్చి 6

అమ్మా ఒక్తావియా,

మీ ఉత్తరం బల్లమీద పడేసి, "ఏమే, నా పేరు నీకంత బరువైందా?" అని అరిచాను. సవేత పొయ్యి దగ్గరనుంచి కదలలేదు. "కూర్చో" అంది. కూర్చున్నాను. నోరు తెరవబోతే సంకటి ముద్ద పెట్టింది.

"ఆ రోజు ఆ అమ్మాయి, ఏ ఇంటిపేరు పెట్టుకుంటారని అడిగింది. నువ్వు సాక్షులవైపు తిరిగి ఊగిపోతున్నావు. మా నాన్నకు ముగ్గురం ఆడపిల్లలం, ఆ పేరు ఆయనతోనే పోతుంది. నీ మోచెయ్యి పట్టుకొని, 'ఏమయ్యా, ఇద్దరం మా నాన్న పేరే పెట్టుకుందామా?' అన్నాను. నువ్వు చెయ్యి పైకెత్తి 'ఆమెన్!' అన్నావు. ఆ అమ్మాయికి నమ్మకం కలగక మళ్ళీ అడిగింది. కిటికీలు అదిరేలా 'ఆమెన్!' అన్నావు. సంతకమూ చేశావు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పబోయినప్పుడల్లా యెహోషువ అడ్డొచ్చాడు."

బైబిల్లో కొడుకు పేరు తేలేదాకా జెకర్యా నోరు మూతపడింది. నా నోరు మూతపడక నా పేరే పోయింది! ఆ ముసలాయన ఏడ్చింది నా ప్రసంగానికి కాదని అప్పటికి తెలిసింది. సారా పాపమని ఏళ్ళ తరబడి ఏ సీసా మీద గర్జించానో, ఆ సీసా మీది పేరు ఇప్పుడు నాది. తిరిగి మార్చుకునే దారేమైనా ఉందేమో మిమ్మల్ని అడుగుదామని కలం తీశాను. అంతలో మామగారి ఫోను.

"ఏరా హొదొరోగ్, తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను మామా" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. సవేత అనుమానంగా వచ్చి నా నుదురు పట్టుకొని చూసింది. కలం పక్కన పెట్టేశాను.

టికెట్టు మీద పేరు దిద్దించాం. నిన్న సవేత విమానం ఎక్కింది. అక్కడి అధికారి ఒక్క ప్రశ్నయినా అడగకుండా పంపేశాడట. సాయంత్రం రెబెకా ఫోను చేసి, "పిన్ని వచ్చేసింది నాన్నా. ఇక నాకే భయమూ లేదు. హాయిగా పడుకుంటాను" అంది. నేనూ పడుకున్నాను. ఈ నెల రోజుల్లో అలాంటి నిద్ర ఎరగను.

నా ఫొటోకూ వేలిముద్రలకూ ఎప్పుడు రమ్మంటారో తెలియజేయండి. ఒక్కడినే వస్తాను.

మీ మేలు మరువని,
నికిఫోర్ హొదొరోగ్

తా.క.: ఆదివారం సంఘానికి జరిగినదంతా దాచకుండా చెప్పాను. తర్వాత ప్రసంగం ఎంత బాగా చెప్పినా, ఒక్కరూ ఆమెన్ అనలేదు. ఎవరి జాగ్రత్తలో వాళ్ళున్నారు.