ఆరో టాపెట్

18 సెప్టెంబర్ 2005, ఆదివారం

...అందుకని కాదు భయం. నిన్న రాసేది సగంలో ఆపేసినా, అమ్మ గుడ్డలు మడతపెట్టమని పిలిచింది. భయం ఎందుకంటే, తాతకి బండి చేసే ఆ శబ్దం వినపడలేదు.

సరిగ్గా రాస్తా. తాత పాత కారు హెరాల్డ్ ఇంజన్ ఆన్‌లో ఉండాది. తాత పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్ పైమూత మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు, డాక్టర్ స్టెత్ మాదిరి. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నవ్వి, పట్టు మాదిరి పోతా ఉండాది పాపా అన్నాడు. నేను షెడ్ వాకిట్లో నిలబడి ఉండా. అక్కడికే నాకు టిక్ టిక్ టిక్ అని వినిపిస్తా ఉండాది.

తాతకి చెవుడు. రాసేసినా.

ఇప్పుడు అన్నీ అర్థమవుతా ఉండాయి. టీవీ సౌండ్ అంత పెట్టేది అవ్వ కోసం అంటాడు. ఎవరైనా ఏమన్నా అడిగే లోపల తనే మాట్లాడేస్తాడు. హెరాల్డ్ తాళానికి అవ్వ ఒక గజ్జె కట్టింది, తాత చెప్పకుండా బండి తీస్తే తెలిసేదానికి. తాత పిల్లి మాదిరి నడిచిపోయి తాళం తీస్తాడు. గజ్జె గలగలమంటాది. వంటింట్లోంచి అవ్వ, దొరగారి సవారీ యాడికో అంటుంది. ప్రతిసారీ దొరికిపోతాడు. మేం నవ్వుతాం. ఆ గజ్జె ఆయనకి వినపడదని ఒక్కరికీ తోచలేదు.

ఇంట్లో తెలుగు చదివేది తాతా నేనూ, అంతే. నాయనకి తమిళం, ఇంగ్లీష్. అందుకే ఇది తెలుగులో రాస్తా, సేఫ్ అని. ఇప్పుడు దీన్ని చదవకూడని మనిషి తాతే. ఏం తెలివి నాది.

20 సెప్టెంబర్

నాయన తాతతో పందెం వేసినాడు. విజయదశమికి లోకనాథన్ మామ వస్తాడంట. ఆయన పాత కార్లు కొని మెడ్రాస్‌లో అమ్ముతాడు, మా షెడ్ మీద ఎప్పటినుంచో కన్ను. ఆయన ఇంజన్ వింటాడంట. ఒక్క చప్పుడు ఎక్కువున్నా బండి ఆయనకి. లేకుంటే ఇంక అమ్మే మాటే ఎత్తనన్నాడు నాయన. తాత వెనక్కి తిరిగి స్పానర్ తుడుస్తా ఉండాడు. నాయన ముందుకొచ్చి సరేనా అంటే తల ఊపినాడు. ఏందికి ఊపినాడో ఆయనకే తెలీదు.

25 సెప్టెంబర్, ఆదివారం, మధ్యాహ్నం

చెయ్యి కూడా కడుక్కోకుండా, తొందరగా రాస్తా ఉండా. రాత వంకరగా వస్తాది, పోనీ.

తాత ఇంజన్ వేడెక్కాలని ఆన్‌లో వదిలి కాఫీకి పోయినాడు. ఈ బండికి బానెట్ ఒక్కటే లేవదు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం లేచి ముందుకి వాలిపోతాది. మొసలి నోరు తెరిచినట్టు ఉంటాది. ముందు టైరు మీద కూర్చొని పని చేసుకోవచ్చు. తాత సింహాసనం అది. నేను అక్కడ కూర్చొని స్క్రూడ్రైవర్ పిడి చెవికి పెట్టుకున్నా.

భయపడి తీసేసినా ఫస్ట్. ఇంజన్ నా తలకాయ లోపలికి వచ్చేసింది. మళ్ళీ పెట్టినా.

వాటర్ పంపు దగ్గర ఎవరో బియ్యం కడగతా ఉండారు. డైనమో దగ్గర ఒక ముసలాయన గొణగతా ఉండాడు, ఆపకుండా, కోపం లేకుండా. పైమూత కింద ఎనిమిది చిన్న సుత్తులు, తాత టాపెట్లు అనేవి, ఒకదాని వెనక ఒకటి. అన్నీ ఒకటే మాదిరి, ఒకటి తప్ప. వెనక సగంలో ఒకటి కుంటతా ఉండాది. మొన కొంచెం కొంచెం జరిపినా. ఆరోది.

ఫిజిక్స్‌లో ఫోర్ స్ట్రోక్ ఇంజన్ చదివినా. బొమ్మ గీసినా, లేబుల్ చేసినా, ఫుల్ మార్క్స్. ఆ బొమ్మకీ దీనికీ సంబంధమే లేదు. ఆ బొమ్మ ఊపిరి తీయదు. నాకు చేతుల మీద రోమాలు లేచినాయి. గుడిలో కూడా నాకు ఎప్పుడూ ఇట్ల కాలేదు, ఇది అవ్వకి చెప్పకూడదు.

తర్వాత తోచింది. తాత ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఇది విన్నాడు. ఒక రోజు అది లేదు. అయినా పిడి చెవికి పెట్టుకొని కళ్ళు మూసుకుంటాడు.

2 అక్టోబర్

బాహూరులో మా మడి చూసొస్తామని తాతా నేనూ పోయినాం. తిరిగి వచ్చేటప్పుడు వెనక బస్సు. హారన్. మళ్ళీ హారన్. తాత రోడ్డు మధ్యలో పోతా, హెరాల్డ్ కొన్న కొత్తలో వానలో వైపర్ ఊడిపోతే అవ్వ చీర కొంగుతో అద్దం తుడిచిన కథ చెప్తా ఉండాడు. తాతా అని అరిచినా. అవునా, మీ అవ్వనడుగు, అన్నాడు. అద్దంలో చూస్తే అంతా బస్సే, ఆకాశమే లేదు. స్టీరింగ్ పట్టుకొని ఎడమకి లాగేసినా. బురదలోకి దిగినాం. బస్సు పోయింది, కండక్టర్ వేలాడతా మా వంశాన్నంతా తిట్టినాడు. తాత వాడికి చెయ్యి ఊపినాడు, తెలిసినవాడనుకొని.

నేను ఏడ్చేసినా. ఏందయింది పాపా అంటే, కుక్క అడ్డమొచ్చింది అన్నా. నీది వెన్న మనసు అని కర్చీఫ్ ఇచ్చినాడు. గ్రీజు వాసన.

3 అక్టోబర్

చెప్తే బండి పోతాది. చెప్పకుంటే తాత పోతాడు.

8 అక్టోబర్, శనివారం

చెప్పలే. ఇంకోటి చేసినా.

తాత తప్ప అందరూ కదిర్కామంలో పెళ్ళికి పోయినారు. నాకు హోంవర్క్ అన్నా. తాతకి మధ్యాహ్నం నిద్ర. పైమూత విప్పినా. ప్లగ్గులు తీసేసి, ఇంజన్ తిరిగేటట్టు ఫ్యాన్‌ని చేత్తో తిప్పినా. తాత నాకు చిన్నప్పుడు ఎక్కాల మాదిరి నేర్పినాడు: ఏ వాల్వు పూర్తిగా దిగి ఉండాదో దాని నంబరు తొమ్మిదిలోంచి తీసెయ్, మిగిలినదాని సందు చూడు. మూడోది దిగింది. ఆరోది చూసినా. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు వదులుగా జారిపోయింది, అది బిగుతుగా రావాల, పుస్తకంలోంచి కాగితం లాగినట్టు. స్క్రూ తిప్పి, అది కదలకుండా లాక్‌నట్ బిగించినా.

అన్నీ తిరిగి బిగించి స్టార్ట్ చేసినా. టిక్ లేదు.

నేనే చేసినా. నేను. కేకెయ్యాలనిపించింది, ఎవరికి?

11 అక్టోబర్, ఆయుధ పూజ

ఈ రోజు పెన్ ముట్టకూడదు. పుస్తకాలు, పెన్నులు, తాత పనిముట్లు అన్నీ దేవుడి ముందర, పసుపు కుంకుమ పెట్టి. రేపు పొద్దున దాకా ఎవరూ ముట్టకూడదు. అవ్వ కత్తిపీట కూడా ముట్టదు, నిన్నే కూరలు తరిగి పెట్టేసింది. ఇది నా జామెట్రీ బాక్సులో మిగిలిపోయిన పెన్సిల్.

పొద్దున తాత పూజ కోసం బండిని వాకిట్లోకి తెచ్చినాడు. టిక్ టిక్ టిక్. నాయన స్నానంలో ఉండాడు, తప్పింది. లాక్‌నట్ నేను సరిగ్గా బిగించలేదు, వదులైపోయింది. రేపే లోకనాథన్ మామ.

టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించినారు, బొరుగులు పంచినారు. అందరూ టీవీ ముందర కూర్చున్నాక పూజ గదిలోకి పోయినా. సరస్వతి పటం నన్నే చూస్తా ఉండాది. సారీ అని ఇంగ్లీష్‌లో చెప్పినా. స్పానర్, స్క్రూడ్రైవర్, రేకు తీసుకున్నా. వాకిట్లో పైమూత విప్పి, సందు మళ్ళీ సరిచేసి, ఈసారి నట్ గట్టిగా బిగించినా, మోచెయ్యి నొప్పి పుట్టేదాకా. తిరిగి పెట్టేసినా.

స్పానర్ మీద కుంకుమ సగం చెరిగిపోయింది. అవ్వ చూస్తే?

12 అక్టోబర్, విజయదశమి

అంతా రాయలేను, కానీ రాస్తా.

లోకనాథన్ మామ తెల్ల చొక్కాలో వచ్చినాడు. తాత స్టార్ట్ చేసినాడు. మామ వంగి విన్నాడు, చుట్టూ తిరిగి విన్నాడు. చివరికి నాయనతో, ముకుందన్, ఇది ఇంజనా కుట్టు మిషనా, నాకేం తప్పు దొరకలే అన్నాడు. నాయన కూడా నవ్వేసినాడు. గెలిచినాం. 

తాత నవ్వలే. పైమూత వైపే చూస్తా ఉండాడు. వెండి రంగు మూత మీద ఎర్రగా ఒక బొటనవేలి గుర్తు. కుంకుమ. నాది.

తాత నన్ను చూసినాడు. నేను నేల చూసినా. తిడతాడనుకున్నా, పూజలో పెట్టినవి ముట్టినానని. దగ్గరికొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. నాకు మూడేళ్ళున్నప్పుడు ఇదే విజయదశమి రోజు, ఇట్లే పట్టుకొని పళ్ళెంలో బియ్యం మీద అ రాయించినాడు. అప్పుడు నాకు గుర్తుండే వయసు కాదు, కానీ చేతికి గుర్తుంది. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, మొన మూత మీద ఆనించి, పిడి నా చెవికి పెట్టినాడు. అందరి ముందర. ఏం వినిపిస్తా ఉండాదో చెప్పమన్నాడు. నా పెదాలు చూస్తా ఉండాడు.

ఎనిమిదీ ఒకటే మాదిరి ఉండాయి తాతా అన్నా. నెమ్మదిగా, పెదాలు కనపడేటట్టు.

తాత నాయన వైపు తిరిగి, ముకుందా, నాకు వినపడక రెండు దీపావళులైంది అన్నాడు. టపాకాయలు కాలిస్తే పొగ చూసి ఉలిక్కిపడతా ఉండా అన్నాడు. బాహూరు రోడ్డులో పాప ఏడిస్తే కుక్క అనుకున్నా, అదేంటో ఇప్పుడు తెలిసింది అన్నాడు.

లోకనాథన్ మామ, అయితే ఈ రెండేళ్ళు నేను చెప్పిన రేట్లు నీకు వినపడనే లేదా అన్నాడు. తాత ఆయన పెదాలు చూసి, నీ రేట్‌కి చెవులెందుకు, మొహం చూస్తే చాలు అన్నాడు. ఎవరూ నవ్వలే. అవ్వ బొరుగుల పళ్ళెం పట్టుకొని అట్లే నిలబడింది. తాళానికి గజ్జె కట్టింది అవ్వే కదా.

తాత చెప్పినాడు: ఇంక నేను తోలను. నువ్వు తోలు, పాప వింటాది, నేను స్పానర్ పడతా. కుదరదంటే లోకనాథన్ ఇక్కడే ఉండాడు, ఇచ్చెయ్.

నాయన నన్ను చూసినాడు, నీకు తెలుసా అన్నట్టు. తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, జేబులో వేసుకొని లోపలికి పోయినాడు. 

గెలిచిన పందేన్ని ఎవరైనా ఇట్ల పారేసుకుంటారా.

13 అక్టోబర్, సాయంత్రం

నిన్నటినుంచి హెరాల్డ్ తాళం నాయన జేబులోనే. తాత షెడ్ వైపు పోలే.

ఎవరో తలుపు తట్టినారు. అమ్మయితే పేరు పెట్టి పిలుస్తుంది. తాతయితే తట్టిన వెంటనే తోసేస్తాడు, రమ్మన్నా వినపడదు కాబట్టి. వీళ్ళు తట్టి, ఆగి ఉండారు. నాయన.

కాగితాలు పరుపు కిందికి. ఒక్క నిమిషం. బయట నాయన చేతిలో ఏదో గలగలమంది.

గజ్జె.