పటం మీద తెల్లగా మిగిలిన పాయ

అమ్మా ఆలాసీ,

శత్రువు రావడం కళ్ళారా చూసి, చేతిలో బూర ఉండీ ఊదకుండా కూర్చున్న కావలివాణ్ణి ఏం చెయ్యాలి? ఆ సంగతిలో దేవుడు యెహెజ్కేలు ప్రవక్తకు ఏం చెప్పాడో నీకు చిన్నప్పుడే నేర్పాను. జవాబు మనసులో పెట్టుకుని ఈ ఉత్తరం చదువు.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం మంచి ఆకలితో, మంచి నిద్రతో ఉన్నాం. రాజధానిలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. మా అమ్మ పేరు మోస్తున్న దానివి, నీకు జలుబు చేసిందంటే నాకు రెండింతల బెంగ.

మీ అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. వాపు తగ్గింది. నీకు సీలు చర్మం బూట్లు కుడుతూ, "సభలో కూర్చునేదానికి మడమలెక్కడ అరుగుతాయి, ఈ జత పదేళ్ళొస్తుంది" అంటోంది. మంచు గురించి అడిగావు. ఈ ఏడు మన సముద్రపు పాయ ముఖం దగ్గర వారం ముందే పగిలింది. మీ జైపీటీ మామ మొదటి కొమ్ము తిమింగలాన్ని తెచ్చాడు. తోలూ కొవ్వూ ఊరంతా పంచుకున్నాం, నీ వాటా దాచాం.

ఇక నీ మూడో ప్రశ్న. ఓడల దారులు గీసే సంఘంలో వేటగాళ్ళ తరఫున కూర్చున్నావు. శాస్త్రజ్ఞురాలు మరియాన్, ఆమె తోటివాళ్ళు గీసిన పటంలో మన పాయ తెల్లగా ఉందనీ, దాని మీద "సమాచారం లేదు" అని రాసి ఉందనీ, ఓడల గీత సరిగ్గా దాని నడిమధ్య నుంచే పోతోందనీ రాశావు. "వాళ్ళు మన ఊరిని అడగనే లేదని బల్ల గుద్ది చెప్పాను నాన్నా, మరియాన్ తల వంచుకుంది" అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర నా కళ్ళద్దాలు తీసేశాను. చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేకపోయాను.

అమ్మా, ఆమె అడిగింది.

రెండేళ్ళ కిందట నువ్వు కాలేజీలో ఉండగా మరియాన్ వచ్చి, ప్రార్థన మందిరంలో పటం పరిచింది. "విమానంలోంచి లెక్కపెడితే నీళ్ళ అడుగున ఉన్నవి కనబడవు. తల్లి తిమింగలాలు పిల్లల్ని ఎక్కడ కంటాయో మీకే తెలుసు, చూపిస్తారా?" అంది. జైపీటీ వేలు చాపాడు. ప్రార్థన నడిపేవాణ్ణి కదా, నేను లేచాను.

"వేలు తియ్యి బావా! దావీదు జనాన్ని లెక్కపెట్టిస్తే దేశం మీద తెగులు పడింది. జంతువుల గురించి నోరు పారేసుకుంటే అవి వింటాయి, అలిగి వెళ్ళిపోతాయి. మన పెద్దలు చెప్పలేదూ?"

"ఆదివారం ఆదివారం నువ్వు మా తలలు లెక్కపెడతావుగా బావా, మాకే తెగులూ రాలేదే!" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నన్ను మండించింది. ఎవరు చూపించినా ప్రార్థనలో పేరుపెట్టి గద్దిస్తానన్నాను. వేళ్ళన్నీ జేబుల్లోకి పోయాయి. మరియాన్ పటం చుట్టుకుని, "మీకిష్టం లేనిది రాయను, బయట చెప్పను" అని వెళ్ళిపోయింది. నువ్వు నిందించినప్పుడు కూడా ఆ మాట తప్పలేదు.

అందులో దేవుని భయం సగమే. బడి ముఖం చూడని నేను అంత చదివినదాన్ని నోరెత్తకుండా చేశానన్న గర్వం మిగతా సగం. బూర ఊదని ఆ కావలివాణ్ణి నేనే, పోయే ప్రాణాలకు దేవుడు లెక్క అడిగేది నన్నే.

మొన్న ఆదివారం ఇదంతా మందిరంలో మనవాళ్ళందరి ముందు ఒప్పుకున్నాను. వెనక వరుసలోంచి ముసలి ఆర్నాఖ్ అందుకుంది: "జంతువుల మీద గొప్పలు పోవద్దని మా అమ్మ చెప్పింది గానీ, వాటి పక్షాన నోరు విప్పొద్దని చెప్పలేదు. నువ్వు సగం విని రెండింతలు అరిచావు, పౌలూసీ!"

ఆ మధ్యాహ్నమంతా మా వంటింట్లో ఏడుగురం పటం గీశాం. తల్లులు ఏ నెలలో ఎక్కడుంటాయో, పడవ ఇంజను వింటే ఎటు పారిపోతాయో పెట్టాం. ఒక మలుపు దగ్గర జైపీటీ, ఆర్నాఖ్ గంటసేపు పోట్లాడుకున్నారు. తేలలేదు. అక్కడ "తెలియదు" అనే రాశాం.

మరియాన్‌కు ఫోన్ చేసి క్షమించమన్నాను. "పౌలూసీ గారూ, పటంలో తెలుపంటే మాకు తెలియదని అర్థం. గీతలు గీసేవాళ్ళు దాన్ని ఖాళీ అని చదువుతారు. మీ పటాన్ని నా పటం పక్కన పెట్టనివ్వండి. వచ్చే వసంతంలో మంచు కింద చప్పుళ్ళు వినే యంత్రాలు దింపుదాం, చోటు మీరే చూపండి. అందాకా ఓడలు బయటి దారిన పోవాలని అడుగుదాం" అంది. అలా అడిగే హక్కు మీ ఓడల సంఘం నియమాల్లోనే ఉందట. అమ్మా, నా గుండెలో మంచు కరిగింది.

ఏడుగురి సంతకాలతో పటం ఇందులోనే ఉంది. విమానం నీకు దీన్ని గురువారం చేరుస్తుంది. శుక్రవారంతో సాక్ష్యాల గడువు అయిపోతుంది. కాబట్టి ఈ ఉత్తరం మడవకముందే లే. మరియాన్ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడుగు. ఇద్దరూ కలిసి మీ సంఘం ముందు రెండు పటాలూ పక్కపక్కన పరచండి. "వాళ్ళు అడిగారు, నోళ్ళు మూయించింది మా నాన్న" అని నా పేరుపెట్టి చెప్పు. నా పరువు చూడకు. రేపటికి వాయిదా వెయ్యకు. ఈరోజే వెళ్ళు తల్లీ, ఇప్పుడే వెళ్ళు!

ఇట్లు,
నీ నాన్న,
పౌలూసీ