ట్యాంకుకి ఇటువైపు

మార్చి 2
చేపల ట్యాంకు అద్దాలకి మళ్ళీ పాచి. ఆదివారమంతా కూర్చుని బ్లేడుతో గీకాను. తెరలు తెరలుగా ఊడొచ్చింది. గోళ్ళలో ఇంకా ఆ కంపు పోలేదు. వదిన ముక్కు మూసుకుని, చేపలకి స్నానం చేయించేముందు నువ్వు చెయ్యరాదా అంది.

ఈ ట్యాంకు నేను చేసిందే. నేను పనిచేసే అద్దాల షాపులో మిగిలిన ముక్కలు కోసి, సిలికాన్ పెట్టి అతికించా. తొమ్మిదో క్లాసులో చదువు వదిలేశాక మధ్యలో వదిలెయ్యకుండా పూర్తి చేసిన పని ఇదొక్కటే. అప్పట్లో వచ్చినవాళ్ళందరికీ మావాడు చేశాడని అన్నయ్య చూపించేవాడు. హాలు మధ్యలో స్టాండేసి పెట్టింది కూడా తనే. అటు వాళ్ళ డైనింగ్ టేబుల్, ఇటు నా మంచం. గోడ కట్టకుండానే నీకో రూమొచ్చిందిరా అన్నాడు. టేబుల్‌కి రెండే కుర్చీలు. నేను మంచం మీదే తింటాను.

మార్చి 6
అప్పుడే పచ్చగా అయిపోయింది. చేపలు కదులుతున్నాయో లేదో కూడా తెలీడం లేదు.

మార్చి 9
చేపల షాపు ఆయన్ని అడిగా. లైట్ ఎక్కువసేపు వేస్తే పాచి పడుతుందన్నాడు. రాత్రి తినేటప్పుడు కాసేపు వేస్తానంతే అన్నా. అయితే మీ ఇంట్లో దయ్యముంది తమ్ముడూ, దానికి చీకటంటే భయమేమో అని పగలబడి నవ్వాడు. పాచి తింటాయని నత్తల్ని అంటగట్టబోయాడు. వద్దన్నా.

మార్చి 12
షాపు తొందరగా మూసేశారు. ఇంటికొచ్చి ట్యాంకు మూత మీద చెయ్యేశా. లైట్ ఆర్పే ఉంది, మూత మాత్రం వేడిగా ఉంది.

వదినే. ఇంకెవరు? అన్నయ్యది నైట్ డ్యూటీ, పగలంతా నిద్రే. అడిగేశా. అరిచా కూడా. నా చేపల్ని చంపేద్దామనా అన్నా. ఆవిడ గిన్నెలు కడగడం ఆపి, నీ చేపలతో నాకేం పనయ్యా, నీతో వేగడానికే ఓపిక చాలట్లేదు అంది. ఇంకేదో అనబోయి మింగేసింది. ఏడో నెల. నిలబడలేక సింకు పట్టుకుంది. నాకేం జాలెయ్యలేదు.

మార్చి 13
వదినతో మాటల్లేవు. మళ్ళీ పాచి.

మార్చి 17
అద్దం కోస్తుంటే వేలు తెగింది. ఓనరు గుడ్డ చుట్టి ఇంటికి పొమ్మన్నాడు. తలుపు దగ్గరగా వేసుంది. చెప్పులు విప్పుతుంటే లోపల వదిన గొంతు. ఇంకెన్నాళ్ళిలా లైటేసి దాక్కుంటారు, వేరే గది చూసుకోమని మీ తమ్ముడికి మీరే చెప్పండి, ఉయ్యాల వెయ్యాల్సింది ఆ మంచం ఉన్నచోటే కదా, చెడ్డదాన్ని నేనవ్వాలా అంటోంది.

అన్నయ్య మేలుకునే ఉన్నాడు. ఎలా చెప్పమంటావే, అద్దం శుభ్రంగా ఉంటే ఎదురుగా వాడే కనబడతాడు, ముద్ద దిగదు అన్నాడు. పచ్చగా ఉంటే అక్కడెవరూ లేనట్టే ఉంటుందట. కాస్త హాయిగా తింటాడట.

విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నా.

అదే రోజు, రాత్రి
అన్నయ్య తినేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. నా వేలు చూడలేదు. ఆ పచ్చదనంలోంచి ఏం కనబడుతుంది? వదిన పళ్ళెం ఇస్తూ కట్టు చూసింది. వెళ్ళి స్పూన్ తెచ్చి పెట్టింది. ఆవిడ మీదే నేను అరిచింది.

మార్చి 19
అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు. చేపల్ని బకెట్లోకి పట్టా. బట్టలు సంచిలో కుక్కా. తర్వాత కూర్చుని ట్యాంకు గీకా. నాలుగు వైపులా, మూలల్లో కూడా. ఇంత శుభ్రంగా ఎప్పుడూ గీకలేదు. అటు కుర్చీలోంచి చూస్తే ఇప్పుడు నా మంచం మొత్తం కనబడుతుంది, దుప్పటితో సహా.

తిను అన్నయ్యా, హాయిగా తిను.

మార్చి 26
షాపులో, నిలబెట్టిన అద్దాల మధ్య, చేపల బకెట్ పక్కన పడుకుంటున్నా. ఎటు తిరిగినా నేనే.

వదిన ఫోన్ చేసింది. మంచం ఇంకా తియ్యలేదట. చేపల్లేని ట్యాంకుకి అన్నయ్య రోజూ పగలంతా లైట్ వేస్తున్నాడట.