ముందు ఇరుసులో మోత

సుబ్బులూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు చదవడం రాదు, నాకు రాయడం సరిగా రాదు. అయినా రాస్తున్నాను.

మన పాత జీపు బండికి ముందు చక్రాలు కూడా లాగేలా ఇరుసు బిగించాను. రేపు ఏటి మధ్య లంక ఊళ్లో బోరులో పడిపోయిన మంచినీళ్ల మోటారు పైకి తీయాలి. నాలుగు రోజులుగా ఆ ఊరికి నీళ్లు లేవు. ఆ రేగడి బురదలో నా బండి తప్ప ఏదీ పోదని మాటిచ్చాను. తీరా చూస్తే ముందు ఇరుసులో మోత. మూడుసార్లు విప్పినా ఎక్కడో దొరకలేదు.

నువ్వయితే షెడ్డు గుమ్మంలో వంకాయలు తరుగుతూనే, "ఏమయ్యో, ఎడం చక్రం ఏడుస్తంది చూడు" అనేదానివి. "మెకానిక్కుని నేనా, నువ్వా?" అని కసిరేవాణ్ని. నువ్వు లోపలికి వెళ్లాక ఎడం చక్రమే విప్పేవాణ్ని. పోయిన బేరింగు అక్కడే ఉండేది. మన కంకిపాడు ఊరంతా నా చెవినే మెచ్చుకునేది. ఆ మెప్పంతా నేనే పుచ్చుకునేవాణ్ని.

ఇప్పుడు నాకు చెవులు సరిగా వినపడవు; మోత ఉందని తెలుస్తుంది గానీ ఏ పక్కో తెలియదు. ఇందాక బండిని జాకీ మీద లేపి ఇంజను నడుపుతూ, స్క్రూడ్రైవరు ఇరుసుకు ఆనించి, అదురు పళ్లకైనా తెలుస్తుందని పిడిని కరిచి పట్టుకున్నాను. ఎడమా కుడీ ఒకేలా అదిరాయి. ఇంజను ఆపేశాక కూడా దవడ అదురుతూనే ఉంది.

ఎన్నడూ నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పవే. ఎడమా, కుడా?